తకాయమా, షిరకావా-గో: ఏ నెలలో వెళ్లాలి, ఎలా వెళ్లాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. హైదరాబాదు నుంచి అయిదుగురు, అందులో అరవై దాటిన అమ్మానాన్నలు, పదేళ్ల బాబు. టోక్యో, క్యోటోలతో పాటు జపాన్‌లో ఒక కొండ ప్రాంతం కూడా చూడాలని తకాయమా, షిరకావా-గో అనుకున్నారు. సెలవులు సంక్రాంతికో, వేసవిలోనో, దసరాకో దొరుకుతాయి. మాంసం, చేప ముట్టరు. ఎప్పుడు వెళ్లాలి, ఎన్ని రోజులు ఉండాలి, తిండి సంగతేమిటి?

ముందు సమాధానం చెప్పేస్తాను. మే 8 దాటాక, జూన్ మొదటి వారంలోపు వెళ్లండి. అది కుదరకపోతే దసరా సెలవులు. సంక్రాంతికి మంచు చాలా బాగుంటుంది, కానీ పెద్దవాళ్లను తీసుకెళ్లేట్టయితే ప్రయాణం మొత్తం వేరే రకంగా వేసుకోవాలి. రోజుల విషయానికొస్తే, మూడు రాత్రులకు తగ్గితే అంత దూరం వెళ్లడం దండగ. నాలుగు రాత్రులుంటే హాయిగా తిరగొచ్చు.

ఈ ప్రాంతం గురించి మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఒకచోటే. "అక్టోబరులో ఆకుల రంగులు ఉంటాయా?", "ఏప్రిల్‌లో చలి ఉంటుందా?" అని నెలను పట్టుకుని అడుగుతారు. ఇక్కడ నెలతో పాటు ఎత్తు కూడా చెప్తే తప్ప జవాబు రాదు. తకాయమా ఊరు సుమారు 570 మీటర్ల ఎత్తులో ఉంది. షిరకావా-గోలో గడ్డి కప్పు ఇళ్లు చూడటానికి అందరూ వెళ్లే ఒగిమాచి ఊరు సుమారు 500. వేడినీటి బుగ్గల ఊరు హిరాయు 1,250 పైన. కొండ దాటి నగానో వైపున్న కామికోచి లోయ 1,500. షిన్‌హోతకా రోప్‌వే పై స్టేషను 2,156. నొరికురా కొండ మీద బస్సు ఆగే తతామిదైరా 2,702. వంద మీటర్లు ఎక్కితే ఇంచుమించు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. తకాయమాలో 22 డిగ్రీలుండి చొక్కాతో తిరిగే మధ్యాహ్నం, తతామిదైరాలో 9 డిగ్రీలుంటుంది, పైగా ఈదురుగాలి. వసంతం కింది నుంచి పైకి ఎక్కుతుంది, ఆకుల రంగు పైనుంచి కిందికి దిగుతుంది. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే ఏ సెలవులో వెళ్లినా బాగున్న చోటు వెతుక్కోవచ్చు, ఒకే ప్రయాణంలో రెండు ఋతువులు కూడా చూడొచ్చు.

ఇక వేసవి సెలవులు. మనకు ఏప్రిల్ ఆఖర్లో బడులు మూసేస్తారు, వెంటనే బయల్దేరాలనిపిస్తుంది. కానీ ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు జపాన్‌లో వరస సెలవులు, గోల్డెన్ వీక్ అంటారు. ఆ వారం ఒగిమాచిలో గది దొరకదు, షిరకావా-గో పార్కింగు కోసం కార్లు వరస కడతాయి, బస్సు సీట్లు ముందే నిండిపోతాయి. ఆ వారం గడిచాక ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. మే రెండో సగంలో ఒగిమాచి పొలాలకు నీళ్లు పెడతారు, నాట్లు వేస్తారు. నారు ఎదగకముందు ఆ మడుల్లో నీళ్లు అద్దంలా నిలిచి ఉంటాయి, గడ్డి కప్పు ఇళ్లు వాటిలో తలకిందులుగా కనిపిస్తాయి. తెల్లవారుజామున, గాలి లేవకముందు, ఎనిమిది లోపు చూడాలి. గాలి మొదలైతే నీడ చెదిరిపోతుంది. నాట్లేసిన రెండు మూడు వారాలకు పైరు కమ్మేసి ఆ దృశ్యమే ఉండదు. మంచులో తీసిన ఫోటోలకున్న పేరు దీనికి లేదు గానీ, నన్నడిగితే ఒగిమాచికి ఏడాదిలో అన్నిటికన్నా మంచి సమయం ఇదే.

అదే సమయంలో కామికోచిలో కొత్త ఆకులు పుడుతుంటాయి, వెనక హోతకా కొండల మీద మంచు ఇంకా కరగదు. కామికోచికి బస్సులు ఏప్రిల్ మధ్యలో మొదలై నవంబరు 15తో ఆగిపోతాయి. మిగతా రోజుల్లో లోయ మూసే ఉంటుంది, ఈ సంగతి తెలియక సంక్రాంతి ప్లాన్‌లో రాసుకునేవాళ్లు చాలామంది. సొంత కార్లను లోపలికి రానివ్వరు. తకాయమా నుంచి హిరాయుకు బస్సులో గంట, అక్కడ మారితే ఇంకో అరగంట లోపే. చివరి స్టాపు దాకా వెళ్లకుండా దానికి ముందు తైషో చెరువు దగ్గర దిగండి. 1915లో యాకెదాకె అగ్నిపర్వతం పేలినప్పుడు నదికి అడ్డం పడి ఏర్పడిన చెరువు అది. అక్కడి నుంచి కప్పా వంతెన దాకా గంటసేపు చదునైన నడక, చాలాచోట్ల చెక్క బాట. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా నడవగలరు. ఓపికుంటే ఇంకో గంట నడిచి మ్యోజిన్ చెరువు చూడొచ్చు. లేకపోతే వంతెన దగ్గరే బెంచీ చూసుకుని కూర్చోండి, కొండలు అక్కడి నుంచే ఎదురుగా ఉంటాయి. మరుగుదొడ్ల దగ్గర వంద యెన్‌ల చందా డబ్బా ఉంటుంది, చిల్లర నాణేలు పెట్టుకెళ్లండి. తిరుగు బస్సులు సాయంత్రం త్వరగా అయిపోతాయి, దిగగానే స్టాపులో ఆఖరి బస్సు టైము ఫోటో తీసుకోండి.

జూన్ రెండో వారం నుంచి జూలై మూడో వారం దాకా వానాకాలం. మన తొలకరిలా కురిసి తెరిపివ్వదు, రోజంతా సన్నగా పడుతూ కొండల్ని కనపడనివ్వదు. జూన్ మొదటి వారంలోపు అన్నది అందుకే. జూలై ఆఖరు, ఆగస్టుల్లో తకాయమా మధ్యాహ్నాలు ముప్ఫై దాటతాయి. రాత్రి మాత్రం చల్లబడుతుంది. అప్పుడు బాగుండేది నొరికురా. బస్సులోనే 2,702 మీటర్లకు వెళ్లి కొండ పూలు చూడొచ్చు, జూలైలో కూడా అక్కడక్కడా మంచు మేటలుంటాయి. ఆ రోడ్డు మే మధ్య నుంచి అక్టోబరు 31 వరకే, అదీ బస్సులకూ టాక్సీలకూ సైకిళ్లకే. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు అక్కడ దిగగానే మెట్లెక్కకూడదు, పావుగంట కూర్చుని లేవాలి. వేసవిలో వాగుల పక్కన, వేడినీటి తొట్ల దగ్గర కుట్టే ఈగలుంటాయి. దోమ కుడితే దురదే, ఇవి కుడితే రెండు రోజులు వాస్తుంది. ముదురు రంగు బట్టలకు అవి ఎక్కువగా వస్తాయి. లేతరంగు పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు. ఆగస్టు 13 నుంచి 16 వరకు జపాన్‌వాళ్లు పితృదేవతల కోసం సొంతూళ్లకు వెళ్లే రోజులు. ఆ నాలుగు రోజులు పెట్టుకోకండి.

దసరా ఏటా ఒకే తేదీన రాదు కాబట్టి ఎత్తు లెక్క ఇక్కడే బాగా పనికొస్తుంది. సెప్టెంబరు ఆఖర్లో రంగులు నొరికురా మీద ఉంటాయి. అక్టోబరు మొదట్లో, మధ్యలో షిన్‌హోతకా. అక్టోబరు మధ్య నుంచి ఆఖరు వరకు కామికోచి, ఆ చివరి రోజుల్లో లార్చ్ చెట్లు బంగారు రంగుకు తిరుగుతాయి. ఒగిమాచిలోనూ తకాయమాలోనూ అక్టోబరు ఆఖరు నుంచి నవంబరు మొదటి పది రోజులు. అక్టోబరు 10న ఒగిమాచి వెళ్లి "అంతా పచ్చగానే ఉంది" అని బాధపడేవాళ్లు అదే రోజు రెండు గంటలు ప్రయాణం చేసి రోప్‌వే ఎక్కితే కావలసినంత ఎరుపు కనిపించేది.

అక్టోబరు 9, 10 తేదీల్లో తకాయమాలో శరత్కాలపు రథోత్సవం, సకురయామా హచిమాన్ గుడిది. వసంతంలోది ఏప్రిల్ 14, 15 తేదీల్లో, హియె గుడిది. వసంతంలో 12 రథాలు, శరత్తులో 11. వారంతో సంబంధం లేదు, ఎప్పుడూ అవే తేదీలు. రథాల మీద తాళ్లతో ఆడించే బొమ్మల ప్రదర్శన ఉంటుంది. మొదటి రోజు సాయంత్రం ప్రతి రథానికీ కాగితపు లాంతర్లు కట్టి ఊరేగిస్తారు. జనం ఎక్కువైనా పిల్లలకు నచ్చేది ఆ సాయంత్రమే. ఒక చిక్కుంది. వాన పడితే రథాలు బయటికి తీయరు. లక్క పూత, జరీ, శతాబ్దాల నాటి చెక్కడాలు తడవకూడదని రద్దు చేస్తారు, వాయిదా ఉండదు. అందుకే ఒక్క ఉత్సవం కోసమే టికెట్లు కొనొద్దు. వాన వచ్చినా, తేదీ తప్పినా హచిమాన్ గుడి ఆవరణలోని రథశాలలో ఏడాది పొడుగునా కొన్ని అసలు రథాలు పెట్టి ఉంచుతారు, దగ్గరగా చూడాలంటే అదే మేలు. ఉత్సవం రోజులకు తకాయమాలో గదులు నెలల ముందే అయిపోతాయి. అప్పుడు రైల్లో పావుగంట దూరంలో ఉన్న హిదా-ఫురుకావాలో వెతకండి.

శరత్తులో ఎలుగుబంట్ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2025లో జపాన్ అంతటా దాడులు మునుపెన్నడూ లేనంత పెరిగాయి. ఆ అక్టోబరులో షిరకావా-గోలో బస్టాపు దగ్గరే ఒక విదేశీ పర్యాటకుడు గాయపడ్డాడు. శీతాకాలపు నిద్రకు ముందు ఒళ్లు పెంచుకోవడానికి అవి తిండి కోసం తిరుగుతాయి, అడవిలో బీచ్ అనే చెట్లు సరిగా కాయని ఏడు ఊళ్లలోకి వస్తాయి. తెల్లవారుజామున, చీకటిపడే వేళ అడవి అంచున ఒంటరిగా నడవకండి. కొండబాట పడితే సంచికి చిన్న గంట కట్టుకోండి, అక్కడి దుకాణాల్లో దొరుకుతుంది. బాబును ముందు పరుగెత్తనివ్వకండి. "ఎలుగు కనిపించింది" అని బోర్డు పెట్టిన బాటలోకి అసలు వెళ్లకండి. పైన చెప్పిన మడుల్లోని నీడ చూడటానికి కూడా ఊరి మధ్య రోడ్డు నుంచి చూస్తే చాలు.

ఇక సంక్రాంతి. జనవరిలో తకాయమా రాత్రులు మైనస్ 5 మామూలు, ఒక్కోసారి మైనస్ 10 కూడా. లంబసింగిలో చలి చూసినవాళ్లు ఆ అనుభవంతో అంచనా వేసుకోవద్దు, అక్కడ ఎండ రాగానే వదులుతుంది, ఇక్కడ పగలంతా సున్నా దగ్గరే ఉంటుంది. ఒగిమాచిలో మంచు మనిషెత్తు పేరుకోవడం అరుదు కాదు. ఆ ఇళ్ల కప్పు అంత ఏటవాలుగా, సుమారు 60 డిగ్రీల కోణంలో కట్టింది ఆ బరువు నిలవకుండా జారిపోవడానికే. కాబట్టి చూరు కింద నిలబడి ఫోటో తీసుకోకండి. మధ్యాహ్నం కాస్త ఎండ తగిలితే కప్పు మీది మంచు పెద్ద దిమ్మలా ఒక్కసారిగా జారుతుంది, చప్పుడు వినేసరికే మీద పడుతుంది. దారికి తాళ్లు కట్టి ఉంటే లోపలికి వెళ్లకూడదు.

చలికాలపు బట్టల్లో మనవాళ్లు చేసే తప్పు ఒకటే లావుపాటి కోటు కొనడం. ఒంటికి పలచని థర్మల్, పైన ఫ్లీస్, దాని పైన నీళ్లు పీల్చని జాకెట్. జీన్సు వద్దు, తడిస్తే రోజంతా ఆరదు. బూటు చీలమండ పైదాకా ఉండాలి, వాటర్‌ప్రూఫ్ అయి ఉండాలి, అడుగున లోతైన గాడులుండాలి. మామూలు స్పోర్ట్స్ షూ వేసుకుంటే పది నిమిషాల్లో కాళ్లు తడుస్తాయి. తొయామా వైపు రోడ్ల మధ్య పైపుల్లోంచి భూగర్భజలం చిమ్మి మంచు కరిగిస్తుంటారు, మంచుకన్నా ఆ నీళ్లే ఎక్కువ తడుపుతాయి. బూటుకు తొడుక్కునే రబ్బరు ముళ్ల పట్టీలు అమ్మానాన్నలకు తప్పనిసరి. పగలు కరిగి తెల్లారేసరికి గడ్డకట్టిన నున్నటి మంచు మీద జారితే తుంటి ఎముకకే దెబ్బ. పొద్దున్న పదింటి దాకా వాళ్లను బయటికి తీసుకెళ్లకపోతే మంచిది. చొక్కాకు అంటించుకునే వేడి పొట్లాలు ఏ కన్వీనియన్స్ స్టోరులోనైనా దొరుకుతాయి, సగం రోజు పైన వేడిగా ఉంటాయి. వాటిని నేరుగా చర్మానికి అంటించకూడదు, కాలుతుంది.

జనవరి, ఫిబ్రవరిల్లో కొన్ని సాయంత్రాలు ఒగిమాచి ఇళ్లకు దీపాల వెలుగు వేస్తారు. ఫోటోలు చూసి అందరూ అడిగేది ఇదే. 2019 నుంచి ముందస్తు బుకింగు లేకుండా ఆ సాయంత్రాల్లో ఊళ్లోకి రానివ్వడం లేదు. ఊళ్లో గది గానీ, ముందే కొన్న టూరు బస్సు టికెట్టు గానీ, బుక్ చేసిన పార్కింగు గానీ ఉండాలి. తేదీలు ఏటా మారతాయి, అంతకు ముందు శరత్తులోనే ప్రకటిస్తారు. దొరక్కపోయినా మంచు ఎక్కడికీ పోదు, మామూలు రోజున ఊళ్లో ఒక రాత్రి ఉండి, దీపాలు లేని ఆ మంచు చూడటమే నాకు నచ్చుతుంది. పైనుంచి ఊరంతా కనిపించే షిరోయామా చోటుకు నడకదారి మంచులో మూసేస్తారు. ఊళ్లో లోపలికి వెళ్లి చూడనిచ్చే పాత ఇల్లు, వాడా ఇంటి దగ్గరి నుంచి షటిల్ బస్సుంటుంది గానీ మంచు ఎక్కువైతే అదీ ఆగుతుంది. చలికాలంలో వెళ్తే టోక్యోలో తిరుగు విమానం ఎక్కే ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. భారీగా మంచు పడితే తకాయమా, తొయామాల మధ్య రైలు నిలిపేస్తారు, ఎక్స్‌ప్రెస్‌వే మూస్తే బస్సులూ ఆగుతాయి. నగోయా వైపు రైలు సాధారణంగా త్వరగా తెరుచుకుంటుంది.

వెళ్లే దారి. టోక్యో నుంచి నగోయాకు షిన్‌కన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో గంటా నలభై నిమిషాలు, అక్కడి నుంచి "హిదా" ఎక్స్‌ప్రెస్‌లో తకాయమాకు దాదాపు రెండున్నర గంటలు. నగోయాలో ఎక్కగానే సీట్లన్నీ వెనక్కి తిరిగి ఉంటాయి. తిప్పకండి, గిఫులో రైలు దిశ మారుతుంది, ఇరవై నిమిషాల్లో సరవుతుంది. ఆ తర్వాత చాలా దూరం హిదా నది లోయ వెంటే ప్రయాణం. దేశమంతా రైళ్లలో తిరిగే జేఆర్ పాస్ 2023 అక్టోబరులో ఏడు రోజులకు 29,650 నుంచి 50,000 యెన్‌లకు పెరిగింది. మీ దారికి అది గిట్టుబాటు కాదు. నగోయా, తకాయమా, షిరకావా-గో, కనజావా, క్యోటో, ఒసాకా చుట్టొచ్చేట్టయితే తకాయమా-హొకురికు పేరుతో అయిదు రోజుల పాస్ ఒకటుంది, అందులో షిరకావా-గో బస్సు కూడా కలిసి ఉంటుంది. మీ టికెట్లు విడివిడిగా కూడి దానితో పోల్చి చూడండి.

మన పెద్ద సూట్‌కేసులతో ఇక్కడ నిజంగా ఇబ్బంది పడతారు. పొడవు, వెడల్పు, లోతు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే టోక్యో-నగోయా-క్యోటో షిన్‌కన్‌సెన్‌లో సామాను చోటున్న సీటు ముందే తీసుకోవాలి. ఒగిమాచిలో లాకర్లు తక్కువ, పెద్దవి ఇంకా తక్కువ. తకాయమా హోటల్ రిసెప్షన్‌లోనే పెట్టెల్ని తర్వాతి నగరం హోటల్‌కు కొరియరులో పంపించేయండి, దీన్ని అక్కడ తక్యూబిన్ అంటారు. మామూలుగా మర్నాటికి చేరుతుంది, మంచు రోజుల్లో ఇంకో రోజు పట్టొచ్చు. మందులు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు మాత్రం చేతి సంచిలో ఉంచుకుని ఒగిమాచి వెళ్లండి.

తకాయమా నుంచి షిరకావా-గోకు బస్సులో 50 నిమిషాలు, అక్కడి నుంచి కనజావాకు గంటంబావు. కనజావా వైపు బస్సులకు సీటు బుకింగు తప్పనిసరి. తకాయమా వైపు కొన్నిటికి బుకింగు, కొన్నిటికి క్యూ. బుకింగు నెల ముందు తెరుస్తారు. అయిదుగురికి ఒకే బస్సులో సీట్లు కావాలంటే తెరిచిన రోజే తీసుకోండి. హిరాయు, షిన్‌హోతకా బస్సులకు బుకింగు అక్కర్లేదు. రోప్‌వే టికెట్టు కొనేముందు పై స్టేషను కెమెరా తప్పక చూడండి. కింద ఎండ కాస్తున్నా పైన మబ్బుండి తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. ఉదయం తొమ్మిదింటికి తేటగా ఉన్న కొండలు మధ్యాహ్నానికి మూసుకుపోవడం వేసవిలో రోజూ జరిగేదే.

కారు నడపాలనుకుంటే మన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ చెల్లుతుంది, అక్కడా ఎడమవైపే. డిసెంబరు నుంచి మార్చి వరకు స్టడ్‌లెస్ టైర్లు, అంటే మంచు మీద పట్టు నిలిచే టైర్లున్న కారే తీసుకోవాలి. అయినా మంచు మీద నడిపిన అలవాటు లేకపోతే మానేయండి, బస్సు డ్రైవర్లు ఆ పనిలో పుట్టి పెరిగినవాళ్లు.

ఒగిమాచిని పొద్దున్న వచ్చి సాయంత్రం వెళ్లిపోయే చోటుగా చూడొద్దు. పది నుంచి మూడింటి వరకు టూరు బస్సుల జనం, అయిదింటికి ఊరు ఊరివాళ్లదవుతుంది. గడ్డి కప్పు ఇళ్లలోనే కొన్ని వసతి గృహాలున్నాయి. గది గోడలు పలచన, తలుపుకు తాళం ఉండకపోవచ్చు, స్నానాల గది అందరికీ ఒకటే, చలికాలంలో వరండా, మరుగుదొడ్డి గడ్డకట్టించేస్తాయి. పడక నేల మీదే. మీ అమ్మానాన్నలకు నేల మీంచి లేవడం కష్టమైతే, వాళ్లను తకాయమాలో మంచాలున్న హోటల్లోనే ఉంచి పగటిపూట తీసుకురావడం నయం. ఈ ఇళ్లలో నగదే ఇస్తే మంచిది. తకాయమాలో సెవెన్-ఇలెవెన్ ఏటీఎంలో తీసి పెట్టుకోండి.

ఊళ్లో ఒక్క ఇల్లయినా లోపలికి వెళ్లి, పై అటక దాకా ఎక్కి చూడండి. వాడా ఇల్లు చాలు. మేకు లేకుండా దూలాల్ని గడ్డితాళ్లతో, లేత కొమ్మల మెలికలతో కట్టిన ముళ్లు అక్కడ చేతికందే దూరంలో కనిపిస్తాయి. కింద పొయ్యి గుంటలో రాజేసిన మంట పొగ ఆ అటకల్లోంచి పైకి పోయి గడ్డినీ తాళ్లనీ పొడిగా ఉంచుతుంది, పురుగు పట్టనివ్వదు. అందుకే వేసవిలో కూడా పొయ్యి వెలిగిస్తారు. ఆ అటకలు పట్టుపురుగుల పెంపకానికి కట్టినవి. ఇళ్ల ముక్కోణపు గోడలన్నీ ఉత్తరానికీ దక్షిణానికీ తిరిగి ఉంటాయి, కప్పు రెండు వైపులా సమంగా ఎండ తగిలి గడ్డి ఆరడానికి, లోయ వెంట వీచే గాలికి అడ్డం పడకుండా. గడ్డి మూడు నాలుగు దశాబ్దాలకోసారి మారుస్తారు. ఊరంతా కలిసి వంద మందికి పైగా కప్పెక్కి ఒక వైపును ఒక్కరోజులో కప్పేస్తారు. అది ఎండుగడ్డి ఊరు కాబట్టి బయట సిగరెట్టు, బాణసంచా, డ్రోన్ ఏదీ కుదరదు. చెత్తడబ్బాలుండవు, మీ చెత్త మీతోనే.

తిండి. చేప లేకుండా దొరకడం కష్టం, ఎందుకంటే పులుసులకు, సాస్‌లకు ఎండు చేప రసమే మూలం. సోబా నూడుల్స్ పులుసు, పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూప్, ఉడికించిన కూరగాయలు, అన్నిట్లో ఉంటుంది. కంటికి కనిపించదు కాబట్టి వడ్డించేవాళ్లు కూడా "శాకాహారమే" అనేస్తారు. ఈ మాట ఫోన్‌లో జపనీస్ లిపిలో రాయించి పెట్టుకోండి: "నికు మో, సకానా మో, కత్సువో-దాషి మో తబెమాసెన్." మాంసం, చేప, చేప రసం తినము అని. వసతి గృహానికి వచ్చాక చెప్తే లాభం లేదు, బుక్ చేసేటప్పుడే చెప్పి వాళ్లు ఒప్పుకున్నాకే డబ్బు కట్టండి. భోజనం ఆరింటికే పెడతారు. భోజనం లేకుండా గది తీసుకుంటే, ఒగిమాచిలో భోజన హోటళ్లు మధ్యాహ్నం మూడు, నాలుగింటికే మూసేస్తారని గుర్తుంచుకోండి. రాత్రికి ఏమీ దొరకదు, తకాయమాలో కొనుక్కునే రావాలి.

తకాయమా సూపర్‌మార్కెట్లో వండిన అన్నం డబ్బాలు దొరుకుతాయి, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు. చక్కెర లేని పెరుగు 400 గ్రాముల డబ్బా. మీ ఆవకాయ, కందిపొడి ఉంటే పెద్దవాళ్లకు పెరుగన్నంతో రాత్రి గడిచిపోతుంది. ఇంటి నుంచి తెచ్చేవి పొడులు, పచ్చళ్లు, ఉప్మా పొట్లాలకే పరిమితం చేయండి. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, మామిడిపళ్లు, బియ్యం ధ్రువపత్రం లేకుండా విమానాశ్రయంలో ఆపేస్తారు. అక్కడ తినదగ్గవీ ఉన్నాయి. తకాయమా వీధుల్లో అమ్మే మితరాషి దాంగో, బియ్యప్పిండి ఉండలకు సోయా సాస్ పూసి నిప్పుల మీద కాల్చినవి, తియ్యగా ఉండవు. షిరకావా-గో వైపు చేసే గట్టి టోఫు, మన పనీర్‌లా ముక్క నిలుస్తుంది. మియాగావా ఒడ్డున పొద్దుటి సంతలో పళ్లు, ఊరగాయలు. సంత పన్నెండింటికి మూసేస్తారు. ఊరగాయల్లో కొన్నిటికి ఎండుచేప కలుపుతారు, అడిగి కొనండి.

వేడినీటి స్నానానికి హిరాయులోనో, దాని చుట్టుపక్కల ఒకుహిదా ఊళ్లలోనో ఒక రాత్రి ఉండండి. అందరి ముందు దిగడం ఇబ్బందనిపిస్తే కుటుంబానికి గంటకు అద్దెకిచ్చే విడి తొట్టి ఉన్న చోటు చూసుకోండి. చలికాలంలో పెద్దవాళ్లకు ప్రమాదం ఇక్కడ ఉంది. చల్లటి గదిలో బట్టలు విప్పి ఒక్కసారిగా 42 డిగ్రీల నీళ్లలోకి దిగితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. ముందు కాళ్ల మీద, తర్వాత భుజాల మీద నీళ్లు పోసుకోవాలి, అయిదు నిమిషాలకు మించి ఉండకూడదు, ఒంటరిగా దిగకూడదు, భోజనం చేసిన వెంటనే వద్దు.

మే రెండో సగానికి నా లెక్క ఇలా ఉంటుంది: తకాయమాలో రెండు రాత్రులు, హిరాయులో ఒకటి, మళ్లీ తకాయమా మీదుగా వచ్చి ఒగిమాచిలో ఒకటి, ఆ మర్నాడు కనజావా. ముందుగా ఒగిమాచి గది బుక్ చేయండి, అన్నిటికన్నా అదే కష్టం. ఆ తేదీని బట్టి మిగతావి జరపండి, తర్వాత బస్సు, ఆఖర్న రైలు. ఒగిమాచిలో గది దొరక్కపోతే రోజు ప్రయాణానికి దిగిపోకుండా గొకాయమా చూడండి. తొయామా ప్రిఫెక్చర్‌లో (జిల్లా లాంటి పాలనా ప్రాంతం) ఉన్న అక్కడి ఐనొకురా, సుగనుమా ఊళ్లు కూడా 1995లో ఒగిమాచితో కలిపే యునెస్కో జాబితాలోకి వచ్చాయి. ఐనొకురాలో గడ్డి కప్పు ఇళ్లు ఇరవై పైచిలుకు, టూరు బస్సులు తక్కువ, రాత్రి ఉండటానికి గృహాలున్నాయి. షిరకావా-గో నుంచి తకావొకా వెళ్లే బస్సు ఐనొకురా-గుచి దగ్గర ఆగుతుంది, అక్కడి నుంచి అయిదు నిమిషాల నడక. రోజుకు కొన్ని బస్సులే కాబట్టి టైము చూసుకుని దిగండి.